చక్ దగ్గర వెంట్రుకవాసి

జూన్ 2

లేత్‌కి హ్యాండిళ్ళు ఇవాళ పీకేశారు. నాకేం బాధ లేదు. ఇనుమేగా.

జూన్ 3

నిన్న రాసింది చదివితే నాకే నవ్వొచ్చింది. బాధే లేకపోతే అటక మీద పడున్న డైరీ దులిపి మరీ ఎందుకు కూర్చున్నానట?

ఈయనకి పూనకం వచ్చింది. పోయినేడు అన్నదమ్ములిద్దరూ కలిసి మిల్లింగ్ మిషన్‌కి మోటార్లు బిగించి కంప్యూటర్‌కి తగిలించారు. అది బాగానే పనిచేస్తోంది, కాదనను. బొత్తం నొక్కితే ఇనప పలకలో గాడి దానంతటదే తెగుతుంటే చూడ్డానికి సరదాగానే ఉంటుంది. వచ్చినవాళ్ళంతా నోరెళ్ళబెట్టారు. ఇంకేం, ఈయన కాళ్ళు నేల మీద ఆనలేదు. మిల్లింగ్ ఈయన పని, ఈయన ఇష్టం. నేను నోరెత్తలేదు.

కడ్డీని గిరగిరా తిప్పుతూ ఉలి లాంటి టూల్‌తో చెక్కే లేత్ అలా కాదు. లేత్ నాది. మామయ్యగారికి చూపు మందగించినప్పుడు కొడుకులిద్దర్నీ పిలిచి నేర్పబోయారు. పెద్దాయనకి బండేసుకుని తిరగడం కావాలి, చిన్నాయనకి కంప్యూటర్ కావాలి. ఆఖరికి వంటింట్లోంచి నన్ను కేకేశారు. ఇంటి వెనకాల ఈ రేకుల షెడ్డులో ఆయన స్టూలేసుకుని కూర్చునేవారు, నేను నిలబడి తిప్పేదాన్ని. తప్పు తిప్పితే మణికట్టు మీద పెన్సిల్‌తో ఒక్కటేసేవారు. కళ్ళు కనపడకపోయినా ఎలా తెలిసేదో, చప్పుడు వినే కొట్టేవారు. ఆయన పోయాక లేత్ మీద పని మొత్తం నాదే. ఈయన బయట తిరిగి ఆర్డర్లు తెస్తారు, నేను చేస్తాను, ఈయన పట్టుకెళ్ళి ఇచ్చొస్తారు. పంపులు బాగుచేసేవాళ్ళెవరైనా గుమ్మంలోకి వస్తే 'అమ్మగారున్నారా?' అనే అడుగుతారు.

ఆ మిషన్ ముందు నిలబడితే నేనొక మనిషిని. అక్కణ్ణుంచి దిగితే కోడల్ని, వదినని, 'ఇదిగో'ని. ఇప్పుడు నన్ను దిగమంటున్నారు.

జూన్ 5

"కష్టం తగ్గుతుందే నీకు. బొత్తం నొక్కి కూర్చోవడమే," అన్నారు ఈయన భోజనాల దగ్గర.

"నాకు కష్టంగా ఉందని నేనెప్పుడైనా చెప్పానా?" అన్నాను.

"చెప్పాలా? సాయంత్రానికి భుజం పట్టుకుని మూలగట్లా?"

మూలిగితే తైలం రాయొచ్చుగా. మిషన్ మార్చేస్తారా ఎవరైనా?

అత్తయ్య అందుకుంది. "మంచిదేలే. ఆడపిల్ల ఒంటి నిండా ఆ నూనె కంపేంటి. ఆయనకి బుద్ధి లేక నేర్పాడు గానీ." మామయ్యగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఆయన చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టేది. నావీ అంతే.

మరిది మాత్రం తల వంచుకుని తిన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. వైరు ముక్క, స్క్రూడ్రైవర్ కనపడితే చాలు, లోకం తెలీదు.

జూన్ 9

పొద్దున్నే వెళ్ళి లేత్ బెడ్ తుడిచి నూనె రాసొచ్చాను. ఎవరూ రాయమనలేదు.

జూన్ 14

టూల్‌ని మోసే బండిని నడపడానికి కొత్త స్క్రూలు వచ్చాయి. లోపల గోళీలున్న రకం, వేలితో తోస్తే తిరుగుతుంది. పాత స్క్రూ తీసి ఆ చోట ఇది పెట్టి, చివర మోటారు తగిలిస్తారట. మోటారు పట్టడానికి చోటు చాల్లేదని టూల్‌ని లోపలికీ బయటికీ జరిపే క్రాస్ స్లైడు ముందున్న బుడిపె కోసేశారు. హ్యాండిల్ కూర్చునేది ఆ బుడిపె మీదే. రంపం పెట్టి ఈయన కోస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఈయన ఓసారి తలెత్తి చూసి, మళ్ళీ కోశారు.

వీళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. ఇక్కడ రాసుకుంటే నష్టమేం లేదుగా.

బండి జారే బెడ్ అరిగిపోయింది. ముక్కని బిగించి తిప్పే చక్ దగ్గర్నుంచి ఓ జానెడు మేర. పనంతా జరిగేది అక్కడే కదా, సగం మామయ్యగారు అరగదీశారు, సగం నేను. టూల్ అక్కడికి రాగానే బండి కొద్దిగా నా వైపుకి వాలుతుంది, టూల్ ముక్క మీదనుంచి వెనక్కి జారుతుంది. అలా వదిలేస్తే షాఫ్ట్ ఆ చోట లావుగా మిగిలిపోతుంది. అందుకని ఎడం చెయ్యి బండిని నడుపుతూ ఉండగానే కుడి చెయ్యి క్రాస్ హ్యాండిల్ని వెంట్రుకవాసి లోపలికి తోస్తుంది. నేను తోయను. చెయ్యే తోస్తుంది. ఎప్పుడు మొదలెట్టాలో, ఎక్కడ వదలాలో దానికి తెలుసు. మాటలాడుతూ ఉన్నా తోస్తుంది, ఏడుస్తూ ఉన్నా తోస్తుంది, నేను చూశాను.

కొత్త స్క్రూకి ఇదంతా ఏం తెలుసు? తిన్నగా పొమ్మంటే తిన్నగా పోతుంది, పాపం.

అడిగితే చెప్తాను. దాచుకోవడానికి నాకేం పట్టింది?

జూన్ 15

అడగలేదు.

జూన్ 22

ఇవాళ మొదటిసారి తిప్పారు. ఈయన కొత్త చొక్కా వేసుకున్నారు, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు. మరిది కంప్యూటర్ ముందు కూర్చుని ఏవో అంకెలు కొట్టాడు. మోటార్లు సన్నగా ఈలేశాయి. బండి దానంతటదే నడిచింది. అలా ఎవరూ పట్టుకోకుండా అది నడుస్తుంటే నా చెప్పులు వేసుకుని ఇంకెవరో తిరుగుతున్నట్టుంది.

ముక్క ఊడదీసి కొలిచారు. ఆ చివర ఒక కొలత, ఈ చివర ఒక కొలత వచ్చింది. చక్ వైపు లావు.

"నీ కంప్యూటర్ తప్పు," అన్నారు ఈయన.

"అన్నయ్యా, కంప్యూటర్ మనం చెప్పిందే చేస్తుంది. నువ్వు మోటారు వంకరగా బిగించావు."

"నేను బిగించిందా వంకర? ఒరేయ్, నువ్వు పుట్టకముందు నుంచీ స్పానర్ పట్టుకున్నా."

నేను ఇద్దరికీ టీ ఇచ్చి వచ్చేశాను. వంటింట్లో కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది.

జూన్ 25

ఇప్పుడు చక్ ఉన్న తలకాయే వంకరగా ఉందని తేల్చారు. దాని బోల్టులు వదులుచేసి కింద పలచని రేకు ముక్కలు దూర్చారు. ఇక చూడు, చక్ దగ్గర సరిపోయేసరికి మధ్యలో సన్నబడుతుంది. మధ్యలో సరిచేస్తే చివర పోతుంది. రోజంతా ఆ రేకు ముక్కలతోనే సరిపోయింది. ఈయనకి తిండి మీద ధ్యాస లేదు. చెయ్యి బోల్టుల మధ్య పడి వేలు కమిలింది.

కట్టు కట్టాను. కడుతుంటే బెడ్ సంగతి నోటిదాకా వచ్చింది. ఈయన అప్పుడే "నీకేం తెలుసులే దీని బాధ" అన్నారు. ముడి గట్టిగా బిగించి లేచాను.

జూన్ 28

పోట్లాడుకున్నాం. మామూలుగా కాదు.

మొదలు చిన్న మాటే. నెలయింది లేత్ ఆగిపోయి, వచ్చిన పని వచ్చినట్టు వెనక్కి పోతోంది, పాతది పాతగా ఉంచితే పోయేది కదా అన్నాను. ఈయన మొహం ఎర్రబడింది.

"పాతది పాతగా ఉంటే నీకు బాగుండేది. నాకు కాదు."

"మీకేం తక్కువైంది?"

"ఏం తక్కువైందా? గేటు తీసిన ప్రతివాడూ 'అమ్మగారున్నారా' అనే. నా మొహం చూసి, నా వెనకాల ఎవరున్నారా అని తొంగి చూస్తారు. మా నాన్న మిషన్ అది. నేనేంటి ఇక్కడ, డెలివరీ కుర్రాణ్ణా?"

అలా అంటారని నేను అనుకోలేదు. ఇన్నాళ్ళూ నా పనిని నలుగురిలో ఈయనే పొగిడారనుకున్నాను. పొగిడారు కూడా. మరి ఆ పొగిడినప్పుడల్లా లోపల ఇదా?

"అయితే నేర్చుకోవాల్సింది," అన్నాను. "మీ నాన్న పిలిచినప్పుడు రావాల్సింది."

అనకూడని మాట. తెలిసే అన్నాను. ఈయన లేచి వెళ్ళిపోయారు.

జూలై 3

ఈయన మాట్లాడట్లేదు. పంపుల మేస్త్రికి షాఫ్టులు కావాలట, ఆ మిషన్ మీదే కోసేశారు. కొలతలు తీశారు, పెదవి విరిచారు, "నడుస్తుందిలే" అని గోనెపట్టాలో చుట్టి తీసుకుపోయారు.

నడవదు.

ఆపొచ్చు నేను. ఆ మేస్త్రి నాకు తెలిసినవాడు, మంచివాడు. బేరింగు ఎక్కదు, అతను అవస్థ పడతాడు. అయినా సరే, ఒక్కసారి దెబ్బ తగిలితే గానీ వీళ్ళకి తెలీదు. అది నా తప్పెలా అవుతుంది? నన్ను అడిగారా ఎవరైనా?

జూలై 8

వచ్చాడు మేస్త్రి. నేను గిన్నెలు తోముతున్నాను. తిన్నగా పెరట్లోకే వచ్చి ఒక షాఫ్టు నా ముందు పెట్టాడు. బేరింగు సగంలో ఇరుక్కుని ఉంది. పక్కనంతా సుత్తి దెబ్బలు.

"ఏంటమ్మా ఇది? ఒంట్లో బాలేదా?"

నాకు అర్థం కాలేదు. "నాకేం? బాగానే ఉన్నాను."

"బాలేదేమో అనుకున్నా. మీ చేతిలోంచి ఇలాంటిది రావడం నేనెప్పుడూ చూళ్ళేదు. కస్టమర్ ముందు నా పరువు పోయింది. ఆయన్ని అడిగితే, 'మా ఆవిడే చేసింది, ఈమధ్య చెయ్యి కుదరట్లేదు' అన్నారు."

నా చేతిలో గిన్నె కింద పెట్టాను. సబ్బు చేతులతోనే నిలబడిపోయాను.

"ఎవరన్నారు?"

"మీ ఆయనేనమ్మా."

నేను చేయలేదని చెప్పొచ్చు. చెప్తే మొగుడు అబద్ధాలకోరని పరాయివాడి ముందు చెప్పినట్టు. చెప్పకపోతే నా చెయ్యి పోయిందని ఊరంతా అనుకుంటుంది. మేస్త్రి నా మొహం చూసి జాలిపడ్డాడు. జాలి! నా మీద! "పర్లేదులేమ్మా, వయసు మీద పడితే ఎవరికైనా అంతే" అని వెళ్ళిపోయాడు. నాకేం వయసు మీద పడిందని?

ఒళ్ళంతా మండిపోతోంది. రాస్తుంటే పెన్ను కాగితంలో దిగుతోంది.

జూలై 9

అడిగేశాను. "చెడితే నాది, బాగుంటే మిషన్‌దీనా?"

"ఏదో ఒకటి చెప్పాలి కదే. కొత్త మిషన్ అంటే ఇక వాడు రాడు."

"నా చెయ్యి కుదరట్లేదంటే వస్తాడా?"

"నీ మీద అభిమానంతో సర్దుకుంటాడు."

చూశావా తెలివి. నా పేరు గుడ్డముక్క అయింది, ఎక్కడ కారితే అక్కడ తుడవడానికి.

"హ్యాండిళ్ళు తిరిగి పెట్టండి," అన్నాను. "ఒక్క రోజుకి. ఆ షాఫ్టులు నేను చేసిస్తాను, మేస్త్రికి నేనే ఇస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం."

ఈయన నేలచూపులు చూశారు. "ఎక్కడ పెట్టను? కోసేశాం కదా."

"పాత స్క్రూ?"

"పాత ఇనుము వాడికేసేశా."

నాకు తెలుసు. కోస్తుంటే చూశాను కదా. అయినా అడిగాను.

జూలై 11

చెప్పేశాను.

మేస్త్రి జాలి మొహం నన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. మంచి షాఫ్టు ఒకటి అతని చేతిలో పెట్టాలి, అంతే, ఇంకేదీ బుర్రలో లేదు. ఈయన బయటికెళ్ళాక షెడ్డులోకి వెళ్ళాను. మరిది ఒక్కడే ఉన్నాడు, నెత్తి పట్టుకుని.

"లే. ఆ రేకు ముక్కలన్నీ పీకెయ్యి ముందు," అన్నాను.

"వదినా, అవి పీకితే..."

"పీకమన్నానా?"

పీకాడు. బెడ్ మీద వేలు పెట్టి చూపించాను. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా అరిగింది, టూల్ ఇక్కడికి రాగానే లోపలికి తొయ్యి, ఇక్కడ పూర్తిగా, ఇక్కడ వదిలెయ్యి.

"ఎంత తొయ్యాలి?"

"కొంచెం."

"కొంచెం అంటే దీనికి తెలీదు వదినా. అంకె చెప్పు."

అంకె నాకేం తెలుసు? కళ్ళు మూసుకుని లేని హ్యాండిల్ పట్టుకుని గాలిలో తిప్పాను. వాడు నా మణికట్టుకేసే చూస్తున్నాడు. ఏదో అంకె కొట్టాడు, కోశాం, కొలిచాం. ఎక్కువైంది. తగ్గించాడు. మళ్ళీ కోశాం. సాయంత్రానికి ముక్క ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకేలా వచ్చింది. వేలితో నిమిరితే జారిపోతోంది. మరిది గట్టిగా కేకేశాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషంలో నాకు చాలా సంతోషం వేసింది.

అక్కడితో ఆగొచ్చుగా! ఆగలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదటి ముక్క తేడాగా వస్తుంది, కాసేపు ఊరికే తిప్పి మొదలుపెట్టాలని చెప్పాను. సన్నటి షాఫ్టు మధ్యలో ఒంగుతుంది, అక్కడ లోతు తగ్గించమని చెప్పాను. ఉక్కు రకాన్ని బట్టి ఎలా మారుతుందో చెప్పాను. వాడు అడగనివి కూడా. వాడు టకటకా కొడుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. మామయ్యగారు పోయాక నా మాట ఇంతసేపు ఎవరూ కూర్చుని వినలేదు మరి.

అంతా అయ్యాక మరిది వెనక్కి వాలి ఒళ్ళు విరుచుకున్నాడు. "ఇంతేనా వదినా! మేం మొదట రెండు చివర్లే కొలిచాం, బుద్ధిలేక. అప్పుడే నాలుగైదు చోట్ల కొలిచుంటే ఇది మాకే తెలిసిపోయేది."

వాడు ఎగతాళికి అనలేదు. ఉన్నమాటే అన్నాడు. ఇంట్లోకొచ్చి మొహం కడుక్కున్నాను. మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాను.

జూలై 13

మేస్త్రికి కొత్త షాఫ్టులు నేనే ఇచ్చాను. బేరింగు చేత్తో తోస్తే మెత్తగా ఎక్కి కూర్చుంది. అతని మొహం విప్పారింది.

"అదీ! మళ్ళీ చెయ్యి కుదిరిందమ్మా మీకు."

నేను నోరు తెరిచేలోపు ఈయన వెనకనుంచి వచ్చారు. "చెయ్యి కాదు మేస్త్రీ, మిషన్. కంప్యూటర్ పెట్టాం. రా, చూపిస్తా." భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకుపోయారు. లోపల్నుంచి మేస్త్రి "ఆహా" అనడం పెరట్లోకి వినపడింది. ఒకసారి కాదు.

అతను వెళ్ళేటప్పుడు నాకు నమస్కారం పెట్టాడు. "ఇక మీకు విశ్రాంతి అమ్మా."

జూలై 20

విశ్రాంతి బాగుంది. పప్పు రెండుసార్లు మాడింది.

ముక్క చక్‌లో పెట్టడం, పచ్చ బొత్తం నొక్కడం, తీసి బుట్టలో వెయ్యడం. నాలుగు రోజులు నేనే చేశాను. ఊరికే నిలబడి చూడ్డం నావల్ల కాలేదు. టూల్ చక్ దగ్గరికి రాగానే కుడి చెయ్యి లేస్తుంది. కొంగులో పెట్టి గట్టిగా పట్టుకున్నా లేస్తుంది. ఐదో రోజు వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను.

వెళ్ళకపోతే ఏం ఆగలేదు. మధ్యాహ్నం షెడ్డులోంచి చప్పుడు వస్తుంటే ఈయనేమో అనుకున్నాను. వెళ్ళి చూస్తే అత్తయ్య! మామయ్యగారి స్టూలు మీద దర్జాగా కూర్చుంది. ఒళ్ళో చిక్కుడుకాయలు, ఓ కాయ తుంపడం, ఓ బొత్తం నొక్కడం.

"నీకు బాలేదని చిన్నాడు నాకు చూపించాడే. ఇంతోటి దానికా నువ్వు ఇన్నాళ్ళూ ఒళ్ళు హూనం చేసుకున్నావు?" అంది.

ఆవిడ చీర మీద నూనె చుక్క కూడా లేదు.

జూలై 21

నాకేం బాధ లేదు అని ఇక రాయను. ఉంది. చాలా ఉంది. ఆవిడ మీద కాదు, ఈయన మీద కూడా కాదు. ఎవరూ నా నోట్లో చెయ్యి పెట్టి లాక్కోలేదు.

ఆగస్టు 6

వీధి మలుపులో పెద్ద షెడ్డుంది కదా, దాని ఓనరు ఇంటికొచ్చాడు. పోయినేడు నా పని చూసి 'ఎప్పుడొచ్చినా మీకు మా దగ్గర ఒక లేత్ ఖాళీగా ఉంటుందమ్మా' అన్నవాడే. వాణ్ణి చూడగానే తల దువ్వుకుని మరీ బయటికొచ్చాను.

పిలవడానికే వచ్చాడు. లేత్ మీద నిలబడ్డానికి కాదు.

వాళ్ళూ ఒక లేత్‌కి మోటార్లు పెట్టిస్తున్నారట. అన్నీ పీకకముందే దాని రోగమేంటో తెలుసుకోమని మరిదే చెప్పాడట. మరిది వెళ్ళి అన్నిచోట్లా కొలిచాడు, బెడ్ భేషుగ్గా ఉంది. అయినా వాళ్ళ లేత్ నడిపే టర్నరు చేస్తే పని బాగుంటుంది, ఇంకెవరు చేసినా గీతలు గీతలుగా వస్తోంది. టర్నర్ని అడిగితే "మిషన్ బాగుంది సార్" అంటాడు తప్ప ఇంకో మాట లేదు.

"ఒక్క పూట వచ్చి చెయ్యి పెట్టి చూడండమ్మా. మీరైతే పట్టేస్తారని మీ మరిదే అన్నాడు."

మా మరిది అన్నాడట. ఈయన కూడా పక్కనుంచి "వెళ్ళు, వెళ్ళిరా, ఇంట్లో ఏం చేస్తావు" అన్నారు.

ఆగస్టు 8

వెళ్తున్నాను. చెప్పడానికి కాదు. ఆ టర్నరు ఎందుకు చెప్పట్లేదో ఈ ప్రపంచంలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? వెళ్తాను, తిప్పుతాను, 'ఏమీ లేదండీ, బాగానే ఉంది' అంటాను, వచ్చేస్తాను. హ్యాండిల్ ఒకసారి చేత్తో పట్టుకోవాలని ఉంది. అంతే.

ఆగస్టు 9

టర్నరు నాకంటే పెద్దవాడు. బక్కగా ఉన్నాడు, నోట్లో నాలుక లేనట్టున్నాడు. నేను వెళ్ళగానే మిషన్ ఆపి పక్కకి జరిగాడు. ఓనరు, మరిది అవతల నిలబడ్డారు.

హ్యాండిళ్ళు చల్లగా ఉన్నాయి. బండి కదిలించాను. ఎన్నాళ్ళైందో! భుజం దగ్గర్నుంచి వేళ్ళ దాకా ప్రాణం లేచొచ్చింది. ఓ ముక్క పెట్టి కోశాను. మొదట బాగానే తెగింది, తర్వాత సన్నగా కీచుమంది, గీతలు పడ్డాయి. ఆపాను. క్రాస్ స్లైడు మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ కదిపాను. మధ్యలో కొంచెం ఊగుతోంది. బిగిద్దామంటే చివర్లో పట్టేస్తుంది. బొటనవేలితో ఒక చోట నొక్కి పెట్టి మళ్ళీ కోశాను. అద్దంలా తెగింది.

తలెత్తాను. టర్నరు నా బొటనవేలికేసే చూస్తున్నాడు. అతని బొటనవేలు చూశాను. ఆ చోట చర్మం చెప్పు అట్టలా గట్టిపడి ఉంది. నాకు తెలిసిందని అతనికి తెలిసింది. తల కూడా ఊపలేదు. కళ్ళు మాత్రం నా మీదే పెట్టాడు.

"ఏమైనా తెలిసిందా అమ్మా?" అన్నాడు ఓనరు.

'ఏమీ లేదండీ.' ఆ మాట నోట్లో సిద్ధంగా పెట్టుకునే వెళ్ళాను కదా. దారి పొడుగునా అనుకుంటూనే వెళ్ళాను.

"వదినకి ఈసారి దొరకలేదేమో," అన్నాడు మరిది నవ్వుతూ.

"ఎందుకు దొరకదు?" అన్నాను. "స్లైడు మధ్యలో అరిగింది. ఇతను బొటనవేలితో నొక్కి పట్టుకుని కోస్తున్నాడు, అందుకే ఇతనికి బాగా వస్తోంది. బిగించడం కాదు, చివర్లు గీకించి సమం చేస్తే సరిపోతుంది."

గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఓనరు చప్పట్లు కొట్టాడు. "అంతేనా! వారం నుంచి చస్తున్నాం." మరిది గర్వంగా నవ్వాడు, మా వదినంటే ఏమనుకున్నారు అన్నట్టు. నేనూ నవ్వాను. నవ్వు దానంతటదే వచ్చింది. ఆ ఒక్క నిమిషం ఎంత బాగుందో రాయడానికి సిగ్గేస్తోంది.

పక్క వీధిలో ఇంకో షెడ్డు ఉందట, వాళ్ళకీ ఇలాంటి ఇబ్బందే ఉందట, వస్తారా అని ఓనరు అడిగాడు. చూద్దాం అన్నాను. రానని అనలేదు.

బయల్దేరబోతుంటే చేతులనిండా నూనె. తుడుచుకోవడానికి ఏదైనా ఉందా అని చుట్టూ చూశాను. టర్నరు తన భుజం మీద గుడ్డ తీసి ఇచ్చాడు.

తీసుకున్నాను.